ట్యాబులకు రిజిస్టరు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఎండాకాలం బదిలీల్లో, నన్ను కేసముద్రం నుంచి భూపాలపల్లి పట్టణంలోని ఒక పఠనమందిరానికి వేశారు. హోదా గ్రేడ్-టూ గ్రంథపాలకురాలు. వినడానికి బరువుగానే ఉంటుంది గానీ తాళం తీసేదీ నేనే, ఫ్యాను స్విచ్చు వేసేదీ నేనే. కేసముద్రంలో నా పాఠకులు మార్కెట్ యార్డుకు ధాన్యం తెచ్చి, వంతు వచ్చేదాకా పేపరు తిరగేసే రైతులు. ఇక్కడ అందరూ పోటీ పరీక్షల అభ్యర్థులు. పొద్దున ఎనిమిదింటికే గుమ్మం ముందు చెప్పులు బారులు తీరేవి.

ఇంతమందికి ఇంటర్నెట్టు ఉన్న కంప్యూటరు ఒక్కటే, మనిషికి నలభై నిమిషాలు. మొదటిరోజు సాయంత్రం చూద్దును కదా, బ్రౌజరులో అరవైకి పైగా పేజీలు తెరిచి ఉన్నాయి. ఒక్కో పేజీకి పైన ఉండే చీటీలాంటి దాన్ని ట్యాబు అంటారు. అవి ఒకదాన్నొకటి నెట్టుకుని పేరు కూడా కనబడనంత సన్నబడిపోయాయి. బల్లల మీది పుస్తకాలు అరల్లో సర్దకుండా తాళం వేయడం మా వృత్తిలో నేరం. నేను ఆ లెక్కనే అన్నిటినీ ఒక్క దెబ్బకు మూసేసి, కంప్యూటరు మీద గుడ్డ కప్పి, మహా మంచిపని చేశాననుకుంటూ ఇంటికి వెళ్లాను.

తెల్లారి నా మీద దండయాత్రే.

"నెల దినాల సంది ఏరి పెట్టుకున్నయి మేడం గవి! అన్ని పాయె!" అని అందరికంటే గట్టిగా మొత్తుకున్నది రేణుక. టేకుమట్ల నుంచి రోజూ బస్సులో వచ్చేది. వ్యవసాయ డిప్లొమా చదివింది, పెళ్లయింది, నాలుగేళ్ల బిడ్డ ఉంది. వ్యవసాయ శాఖ ఉద్యోగానికి అదే ఆమె చివరి ప్రయత్నం. ఈసారి తప్పితే వయోపరిమితి దాటిపోతుంది. ఆ సంగతి తెలిశాక నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ రోజు నన్ను కాపాడినవాడు సమ్మయ్య. నలభైకి దగ్గరపడ్డ అభ్యర్థి, జిరాక్స్ షాపు మూసేసి చదువుకు దిగినవాడు. "జర ఆగుండ్రి. మేడంను తిడితే వాపస్ వస్తయా?" అని అందరినీ కూర్చోబెట్టి, బ్రౌజరు చరిత్రలోంచి పోయిన పేజీల్లో చాలావరకు వెనక్కి తీశాడు. ఆపైన నా అనుమతి అడిగి రెండు ఎక్స్‌టెన్షన్లు అమర్చాడు. ఎక్స్‌టెన్షన్ అంటే బ్రౌజరుకు అదనంగా తగిలించుకునే చిన్న పనిముట్టు. మొదటిది ట్యాబులను గుంపులుగా కట్టి, రంగు వేసి, మూసినా మర్నాడు ఎక్కడివక్కడ తెరిచిపెట్టేది. రెండోది చూసిన పేజీల జాబితా దాచేది. మా బ్రౌజరు తనంతట తాను మూడు నెలల చరిత్రే ఉంచుకునేది. ఈ పనిముట్టుకు ఆ గడువు లేదు, పైగా ప్రతి పేజీ పక్కన మనమొక మాట రాసుకోవచ్చు. ఏదైనా వెతికితే పేజీ శీర్షికలోనూ, ఆ రాసుకున్న మాటలోనూ మాత్రమే చూసేది.

అబ్బ, నాకెంత సంబరమైందో! గ్రంథాలయానికి వచ్చిన ప్రతి పుస్తకానికీ వరుస నంబరు వేసి ఎక్కించే పెద్ద పుస్తకాన్ని ఆక్సెషన్ రిజిస్టరు అంటాం. ట్యాబులకూ అలాంటిదే దొరికింది. ఒక్కో పాఠకుడి గుంపుకు పేరు బదులు సభ్యత్వ సంఖ్య పెట్టించాను. ఎవరేం చదువుతున్నారో పక్కవాళ్లకు అక్కర్లేదు. పనికొచ్చే పేజీని మూసే ముందు తప్పనిసరిగా ఒక మాట రాయాలన్నాను. "గింత ముచ్చటకు గంత రాసుడా మేడం?" అని సమ్మయ్య నవ్వేవాడు. రాసేదాకా నేను కుర్చీ పక్కనుంచి కదిలేదాన్ని కాదు. నా చాదస్తం జిల్లా అంతా ఎరిగినదే.

పది నెలల తర్వాత వ్యవసాయ శాఖ పరీక్ష జరిగింది, ప్రాథమిక కీ వచ్చింది. అంటే పరీక్ష పెట్టినవాళ్లు ముందుగా విడుదల చేసే జవాబుల జాబితా. తప్పుందనుకుంటే మూడు రోజుల్లో అభ్యంతరం పంపాలి. ప్రభుత్వ పాఠ్యపుస్తకమో, విశ్వవిద్యాలయ ప్రచురణో ఆధారంగా చూపాలి, పేజీ చిరునామాతో సహా. బిడ్డకు జ్వరమొచ్చి రేణుక రెండు రోజులు ఇల్లు కదలలేదు. మూడోరోజు మధ్యాహ్నం రెండున్నరకు ఉరుకుతూ వచ్చింది. గడువు అయిదింటికి.

"గిది తప్పు మేడం. మిరప ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. వీళ్లు ఉల్టా ఇచ్చిండ్రు. గీ ఒక్క మార్కు కలిస్తే నాకు నౌకరి వస్తది, లేకుంటే లేదు."

ఆధారం ఏదని అడిగాను. మా చేన్ల రోజు చూస్తనే ఉన్న అంది. చేను సాక్ష్యం చెల్లదు తల్లీ, కాగితం కావాలి అన్నాను. ఒక ప్రచురణ ఇక్కడే చదివినట్టు గుర్తుందట, ఎప్పుడో పోయిన వానాకాలంలో. మామూలుగా వెతికితే మందులమ్మేవాళ్ల వీడియోలు కుప్పలుగా వచ్చాయి, ఒక్కటీ పనికిరాదు. చరిత్ర దాచిన ఎక్స్‌టెన్షన్లో "మిరప" అని కొట్టాం. వచ్చింది ఒకే ఒక్కటి, మిరపకాయ బజ్జీల తయారీ. అది చూసిన మహానుభావుడెవరో నేను విచారించలేదు. "తెగులు" అని కొట్టాం, "పురుగు" అని కొట్టాం. ఎక్కడా లేదు. నాలుగు దాటింది.

పాఠకుడికి కావలసింది రాబట్టే ప్రశ్నలు వేయడం మా పనిలో ఒక భాగం. అప్పటిదాకా నేను వేసినవన్నీ విషయం గురించిన ప్రశ్నలే. "అది సరే, ఆ రోజు అసలు ఆ పేజీ ఎందుకు తీశావ్?" అని అడిగాను.

ఆమె తల వంచుకుంది. "నాయినతోని కొట్లాట అయింది మేడం. పై ముడతకు నల్లి మందు కొట్టమని నేను, కాదు తామర పురుగని ఆయన. డిప్లొమా చదివిన పొగరు నాకు."

"నాయిన" అని కొట్టాను. ఒక్కటే వచ్చింది. ఎప్పుడో అచ్చైన విశ్వవిద్యాలయ ప్రచురణకు తీసిన ఫొటో ప్రతి. దాని శీర్షికలో అంకెలు తప్ప అక్షరం లేదు. పక్కన రేణుక రాసుకున్న మాట: "నాయిన చెప్పిందే నిజం. నేనే ఉత్తగ కొట్లాడిన."

నాలుగూ నలభైకి అభ్యంతరం వెళ్లింది.

తుది కీ వచ్చిన పొద్దున రేణుక ఫోను చేసింది. "మార్కు కలిసింది మేడం! ముందుగాల నాయినకు చెప్పిన, గిప్పుడు మీకు చెప్తున్న." నిశ్శబ్దం పాటించండి అన్న బోర్డు కింద నిలబడి కేక వేసింది నేనే. సమ్మయ్య అందరికీ చాయ్ తెప్పించాడు. పుస్తకాల గదిలో తాగడానికి వీల్లేదని వరండాలోకి తరిమాను, నేనూ వాళ్లతోనే నిలబడి తాగాను. రేణుకకు మహదేవపూర్ వైపు ఉద్యోగం వచ్చింది.

నా సర్వీసంతా పుస్తకాలు వెతుక్కునే కార్డుల మీద విషయం రాశాను, పాఠకుడిని విషయమే అడిగాను. రేణుక నా పద్ధతిలో రాసి ఉంటే బహుశా వెంటనే దొరికేది, ఆ మాట నిజమే. కానీ మనిషికి చదివిన విషయం కంటే చదవాల్సి వచ్చిన కారణమే ఎక్కువకాలం గుర్తుంటుంది. మర్నాటి నుంచి రెండు వరుసలు రాయించాను. మొదటిది విషయం, రెండోది ఎందుకు వెతికారో వాళ్ల సొంత మాటల్లో. నేను దిగిపోయేనాటికి ఎక్కువమంది పేజీలు రెండో వరుసతోనే దొరికాయి.