కూలని కప్పు

భూమి కింద రాక్షసజాతి కట్టిన నగరాలున్నాయని జహారి ఏళ్ల తరబడి పుస్తకాలు రాస్తున్నాడు. సోఫియా పట్నంలోని తన గదిలో, చల్లారిన కాఫీ ముందు కూర్చుని, పటం మీద వేలు పడినచోటల్లా ఒక నగరాన్ని లేపేవాడు. ఆ పటంలోని కొండల మీద ఏనాడూ కాలు పెట్టలేదు. ఈసారి మాత్రం, పెరట్లో నగరం బయటపడిందంటూ రొడోపి కొండల నుంచి ఒక అభిమాని పిలిస్తే, వెంటనే బయలుదేరి వెళ్లాడు. గుమ్మంలో అభిమాని భార్య స్టామెనా అతిథిని ఆహ్వానించే ఆనవాయితీ ప్రకారం రొట్టె, ఉప్పు పట్టుకుని నిలబడింది. అతిథి రొట్టె ముక్క ఉప్పులో అద్ది నోట్లో పెట్టుకునేదాకా ఆగి, పెరట్లోని సొరంగం చూపించింది.

"మా ఆయన పొద్దున దిగాడండీ. మట్టి రాలుతోంది, దుంగలు నిలబెట్టవయ్యా అంటే, 'రాక్షసులు కట్టిన కప్పు కూలదని జహారిగారే రాశారు, పిచ్చిదానా!' అన్నాడు. ఇప్పుడు పిలిస్తే పలకడం లేదు."

జహారి సొరంగం అంచు నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆమె లాంతరు వెలిగించి అతని చేతిలో పెట్టింది.

"లోపలి దారి మీకు తెలుసుగా."