సత్తెమ్మను బెంచీ మీది నుంచి లేపి పంపాను

ఒక అబద్ధాన్ని ఏళ్ల తరబడి మోశాను. మా ఆయనకు చెప్పలేదు. అక్కకు చెప్పలేదు. ఆదివారం చర్చిలో అందరితో కలిసి పాపాలు ఒప్పుకునే ప్రార్థన చదువుతాం కదా, అందులో ఒక సౌకర్యం ఉంది. ఎవరి పాపం ఏమిటో పక్కవాళ్లకు తెలియదు. నా గొంతు మిగతావాళ్లకంటే కాస్త గట్టిగానే వినిపించేది. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అదే నయం. విని ఊరుకోండి, ఓదార్చనక్కర్లేదు.

సికింద్రాబాద్‌లో వీధుల బాగోగులు చూసే ఒక పాలక మండలి ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. ఏ మండలి అని అడగకండి. మీటింగులు నడిపించడం నా పని. అధ్యక్షుడి కుర్చీలో ఎవరు కూర్చున్నా, ఆ పక్కన ఫైళ్లు పెట్టుకుని కూర్చునేది నేను. ఏది ముందు రావాలి, ఏది వెనక రావాలి, ఎవరిని ఎంతసేపు మాట్లాడనివ్వాలి, అన్నీ నా చేతిలోనే ఉండేవి. నేను పనిమంతురాలిని. ఇది గొప్పలకు పోయి చెప్పడం కాదు, నా తర్వాత వచ్చినవాళ్ల మీటింగులు చూసినవాళ్లెవరైనా ఒప్పుకుంటారు. ఒక్క పైసా ముట్టలేదు. ఆ విషయంలో ఇవాళ కూడా తలెత్తుకునే తిరుగుతాను.

మీటింగులో సగం పని మామూలు ఖర్చులే. వీధి దీపాలు, మురికి కాలవల పూడిక, వానలకు ముందు కొనే టార్పాలిన్లు, కుక్కల బండికి డీజిల్. వీటిని ఒక్కొక్కటిగా చర్చిస్తే తెల్లారుతుంది. అందుకని చివరన ఒక కట్టగా పెట్టి, నంబర్లు మాత్రం చదివేవాళ్లం. సభ్యులు బల్ల మీద చేత్తో కొట్టి 'పాస్, పాస్' అనేవారు. కట్ట దగ్గరికి రాగానే నేను అటెండరు వైపు ఒక చూపు చూసేదాన్ని. సమోసాలు, చాయ్ లోపలికి వచ్చేవి. నోట్లో సమోసా ఉన్న సభ్యుడు ప్రశ్నలు అడగడు. ఇది నేను కనిపెట్టిన కిటుకు. దీనికి నాకు మంచి పేరు కూడా వచ్చింది.

ఆ కట్టకు ఒక నియమం ఉండేది. బయటి మనిషి ఎవరైనా హాజరై 'ఈ పని మీద నేను మాట్లాడాలి' అంటే, దాన్ని కట్టలోంచి తీసి విడిగా చర్చించాలి. మంచి నియమం. ఎవరూ వచ్చేవారు కాదు కాబట్టి దానితో ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు.

సత్తెమ్మ వచ్చింది.

సత్తెమ్మది బన్సీలాల్‌పేట్. మా ఇంటికి దగ్గర్లో, పద్మారావు నగర్ వైపున్న కూరగాయల మార్కెట్‌లో ఆకుకూరలు అమ్మేది. ఆ మార్కెట్ మూలన ఆడవాళ్ల మరుగుదొడ్డి ఒకటి ఉండేది. తలుపు సరిగా పడదు, నీళ్లు ఒకరోజు వస్తే ఒకరోజు రావు. అయినా అక్కడ కూర్చుని అమ్మే ఆడవాళ్లకు అదొక్కటే దిక్కు. పక్కనున్న దుకాణాలవాళ్లు బళ్లు నిలపడానికి జాగా కావాలని అడుగుతున్నారు. మా ఇంజనీర్లు చూసి, బాగుచేయడం కంటే కూల్చేయడమే తేలిక అన్నారు. ఆ మాట మార్కెట్‌లో పొక్కింది. అందరి తరఫునా సత్తెమ్మ మా మీటింగుకు వచ్చి, జనం మాట్లాడే వంతు రాగానే లేచి నిలబడింది.

ఆమె చుట్టుతిప్పి మాట్లాడే మనిషి కాదు. "చీకటితోనే వచ్చి కూసుంటం సారు. పొద్దూకే దాకా మగోళ్ల నడుమనే ఉంటం. ఒంటికొస్తే మేం యాడికి పోవాలె, మీరే చెప్పుండ్రి" అంది. నెలసరి గురించి కూడా అంది, అంత మందిలో, దాపరికం లేకుండా. ఒక సభ్యుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. తర్వాత అందరూ నా వైపు తిరిగారు. ఆ బల్ల చుట్టూ ఉన్న ఒకే ఒక్క ఆడదాన్ని నేను. అధ్యక్షుడు "మేడం, ఈ లేడీస్ సంగతులు మీకే అర్థమవుతాయి. మీరే మాట్లాడి పంపండి" అన్నాడు. మళ్లీ నవ్వులు. ఆ నెలకు ఆ పని వాయిదా పడింది.

మరుసటి నెల ఇంజనీర్ల దగ్గర నుంచి ఆ పని మామూలు ఖర్చుల కట్టలోకి వచ్చింది. 'మార్కెట్ వద్ద శిథిల కట్టడం తొలగింపు' అని పేరు. అది ఏ కట్టడమో చదివిన వెంటనే నాకు తెలిసింది. సభ్యులకు తెలియదు. నేను చెప్పలేదు.

ఆ రోజు హాలు బయట బెంచీ మీద సత్తెమ్మ కూర్చుని ఉంది. నీరెండ పడే చోట, కొంగు తల మీద కప్పుకుని. మీటింగు మొదలవబోతుండగా నేను బయటికి వచ్చాను. నన్ను చూసి లేచింది.

"మేడం, ఇయ్యాల మా ముచ్చట వస్తదంట గద?"

"లేదమ్మా. వచ్చే నెలకు పెట్టారు."

"పక్కానా మేడం?"

"పక్కా. ఊరికే కూర్చుని బేరం ఎందుకు పోగొట్టుకుంటావు, వెళ్లు."

"మంచిగ చెప్పిన్రు. కొత్తిమీర ఎండకు ఖరాబ్ అయితదని జెర పరేషాన్ల ఉన్న."

నాకు దండం పెట్టి మెట్లు దిగి వెళ్లిపోయింది. నేను లోపలికి వెళ్లి కూర్చున్నాను. సమోసాలు వచ్చాయి. నంబర్లు చదివాను. బల్ల మీద చేతులు మోగాయి.

ఎందుకు చేశాను? నన్నెవరూ అడగలేదు. ఇది మీరు నమ్మాలి, ఎందుకంటే దాచడానికి ఏదైనా ఉంటే ఇంతదూరం వచ్చేదాన్నే కాదు. అధ్యక్షుడు చెప్పలేదు, దుకాణాలవాళ్లు నా గడప తొక్కలేదు. ఎవరైనా బలవంతపెట్టి ఉంటే ఈ పాటికి వాళ్ల మీదికి తోసేసి హాయిగా నిద్రపోయేదాన్ని. టైము కోసం చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అధ్యక్షుడు ఆ రోజు తిరుమలగిరిలో ఏదో పెళ్లికి వెళ్లాలి, తొందరలో ఉన్నాడు, మీటింగు సాగితే నా పేరు పోతుంది. చెప్పుకోవడానికి బాగానే ఉంది. నిజం కూడా, కొంతవరకు.

మిగతా నిజం వేరు. ఆ హాల్లో నేను ఆడదాన్నన్న సంగతి ఆ మగవాళ్లు మర్చిపోయేలా చేయడానికి నాకు ఎన్నో ఏళ్లు పట్టింది. గొంతు తగ్గించి మాట్లాడడం నేర్చుకున్నాను, వాళ్ల మొరటు జోకులకు నవ్వడం నేర్చుకున్నాను, ఒంట్లో బాగాలేని రోజుల్లో కూడా కుర్చీలోంచి కదలకుండా కూర్చోవడం నేర్చుకున్నాను. సత్తెమ్మ లేచి నిలబడి, నాలుగు మాటల్లో వాళ్లకు గుర్తు చేసేసింది. మళ్లీ ఆ మాటలు, మళ్లీ ఆ చూపులు, మళ్లీ 'లేడీస్ సంగతులు' భరించలేననిపించింది. అందుకే ఆమెను లేపి పంపాను. ఆమె మీద నాకు కోపం లేదు. సిగ్గు ఉంది. ఆ సిగ్గు ఆమెది కాదు, నాది. మూల్యం మాత్రం ఆమె కట్టింది. నా గదికి ఆనుకుని నాకంటూ బాత్‌రూమ్ ఉండేది, తాళంచెవి నా పర్సులోనే. ఆ సంగతి ఆ రోజు నాకు గుర్తు రాలేదా అని అడుగుతారేమో. వచ్చింది.

కొద్ది రోజుల్లోనే దాన్ని కూల్చేశారు. సత్తెమ్మ పరుగెత్తుకుంటూ ఆఫీసుకు వచ్చింది. తిడుతుందనుకున్నాను. జవాబులన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్నాను, జవాబులకు నాకెప్పుడూ కొరత లేదు. ఆమె నా బల్ల దగ్గర నిలబడి "మిమ్మల్ని సుత మోసం జేసిన్రు గద మేడం" అంది. నా మీద జాలి పడింది. నాకు తెలియకుండా పెద్దవాళ్లు ఆడిన నాటకం అనుకుంది.

నేను తల ఊపాను. బెంచీ దగ్గర అన్న మాట కంటే ఇదే నన్ను ఎక్కువ తింటోంది. మొదటిది తొందరలో అన్నది. ఇది ఆలోచించి ఊపిన తల.

ఆ తర్వాత మార్కెట్‌లో ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేశారు. పొద్దున్న వచ్చింది మొదలు ఇంటికి వెళ్లేదాకా గొంతు తడుపుకోరు. కొన్నాళ్లు ఒక మిఠాయి దుకాణం ఆయన వెనక దొడ్డి వాడుకోనిచ్చాడు, తర్వాత ఆయనా మొహం చాటేశాడు. సత్తెమ్మకు మూత్రంలో మంట, జ్వరం పట్టుకున్నాయి. తగ్గేవి, మళ్లీ వచ్చేవి. ఒకసారి నేను తోటకూర తీసుకుంటుంటే నవ్వుతూనే చెప్పింది. "నీళ్లు మస్తుగ తాగమంటడు డాక్టరు. తాగినంక యాడికి పోవాల్నో గది చెప్పడు." నేను అక్కర్లేని కూరలు కూడా కొనుక్కుని ఇంటికి వచ్చాను. అవి ఫ్రిజ్‌లో కుళ్లిపోయాయి.

మార్కెట్ మార్చుకోవచ్చు కదా అంటారు. మార్చలేదు. సత్తెమ్మ పక్కవాళ్లకు నన్ను చూపించి 'ఈ మేడం మనామె' అనేది. మంచి కట్టలు ఏరి నాకోసం తీసిపెట్టేది. మంచిదాన్ననిపించుకోవడం రుచిగా ఉంటుంది. ఆ రుచి కోసమే వెళ్లేదాన్ని, ఇంకేమీ కాదు. ఇంటికి వస్తూ దారిపొడవునా నన్ను నేను తిట్టుకునేదాన్ని. మళ్లీ వారం ఠంచనుగా సంచీ పట్టుకుని వెళ్లేదాన్ని.

రిటైరయ్యాక ఇదంతా సమాధి అయిపోతుందనుకున్నాను. పోయిన వారం సత్తెమ్మ నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లింది. మరుగుదొడ్డి మళ్లీ కట్టించమని ఆడవాళ్లంతా కలిసి మండలి మీటింగుకు వెళ్తున్నారట. ఈసారి గట్టిగా పట్టుబడతారట. నేను కూడా రావాలట. లోపలి సంగతులు తెలిసినదాన్ని కాబట్టి వాళ్ల తరఫున నేనే మాట్లాడాలట.

మాట్లాడగలను. నా అంత బాగా ఎవరూ మాట్లాడలేరు కూడా. ఏ నియమం ఎక్కడుందో, ఏ మాటకు ఆ సభ్యులు తల వంచుతారో నాకు తెలుసు. ఒక్కసారి ఒప్పుకుంటే చాలు, నా తప్పు నాకు నేనే దిద్దేసుకుని, దండ కూడా వేయించుకుని ఇంటికి రావచ్చు. ఆమె ఎప్పటికీ తెలుసుకోదు. ఆ ఆలోచన వచ్చినప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది. అసహ్యం వేసినా, కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. అబద్ధం చెప్పను మీకు.

తర్వాత చెప్పేశాను. అక్కడే, ఉల్లికాడల గంప పక్కన నిలబడి. "సత్తెమ్మా, ఆ రోజు నీ పని మీటింగులో ఉంది. నాకు తెలుసు. తెలిసే నిన్ను పంపించేశాను. నన్నెవరూ మోసం చేయలేదు" అన్నాను. ముందు ఆమెకు అర్థం కాలేదు. మళ్లీ అన్నాను. ఆమె నా చెయ్యి వదిలేసింది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. రెండూ జరగలేదు.

"నాకొక్కదానికి చెవుల చెప్తె ఎట్ల?" అంది. "గా దినం నేను నా ఒక్కదాని కోసం వచ్చిన్నా? నువ్వు అందరికి చెప్పు."

అన్నేళ్లలో మొదటిసారి నన్ను 'నువ్వు' అంది. వెనక్కి తిరిగి పేరుపేరునా పిలిచింది. నిమ్మకాయలావిడ లేచి వచ్చింది, మిరపకాయల దగ్గరి ముసలావిడ మోకాలు పట్టుకుని వచ్చింది, మిగతావాళ్లు కూర్చున్నచోటు నుంచే తిరిగి చూశారు. బేరాలు ఆగిపోయాయి. కొనడానికి వచ్చినవాళ్లు కూడా నిలబడిపోయారు, అందులో మా వీధివాళ్లున్నారు, మా చర్చివాళ్లు ఇద్దరున్నారు.

ఎన్నో మీటింగుల్లో నంబర్లు చదివిన గొంతుతోనే చెప్పాను. ఏ పని, ఏ రోజు, ఏమని అబద్ధమాడాను, ఎందుకు ఆడాను, అన్నీ. సిగ్గు గురించి కూడా చెప్పాను. ముగించాను. మిరపకాయల ముసలావిడ పక్కకు ఉమ్మి తన గంప దగ్గరికి వెళ్లి కూర్చుంది. సత్తెమ్మ తన ఆకుకూరల మీద నీళ్లు చల్లుకోవడం మొదలుపెట్టింది. మీటింగుకు రమ్మని మళ్లీ అడగలేదు, నేనూ అడగలేదు.

ఖాళీ సంచీతో బయటికి నడిచాను. మా చర్చివాళ్లిద్దరూ పలకరించకుండా పక్కకు తప్పుకున్నారు. కానీ ఆ రోడ్డు మీద ఇక నేను దాచుకోవాల్సింది ఏమీ మిగల్లేదు.