పిట్ట ముట్టిన నాడు

నా చిన్నప్పుడు మా అరుగు మీద పెట్టిన చెంబెడు నీళ్ళు రోజూ మిట్టమధ్యాహ్నం సగమయ్యేవి. ఆ నీళ్ళు పెట్టేది మా అవ్వ, బాపును, అంటే మా నాన్నను, కన్నతల్లి. బాపు ఫౌజులో చేరి, పెద్ద యుద్ధానికి బర్మా వైపు పోయి తిరిగి రాలేదు. చనిపోయాడన్న కబురూ లేదు. జాడ తెలియలేదని ఒక కాగితం మాత్రం వచ్చింది. ఎండన పడి వస్తాడని అవ్వ చెంబు పెట్టి, వేలి ఉంగరంతో దాని అంచు మీద మూడుసార్లు కొట్టి, తలుపు వేసేది. ఆ వేళ నన్ను అటు పోనిచ్చేది కాదు. తర్వాత చూస్తే అరుగంతా తడి. బాపే వచ్చి తాగిపోతున్నాడని నమ్మాను. వచ్చినవాడు లోపలికెందుకు రాడో తలుచుకుంటే మాత్రం ఒళ్ళు జలదరించేది.

పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు, యుద్ధంలో చనిపోయిన సిపాయిల పిల్లలకు సర్కారు చదువుకు వజీఫా ఇస్తుందని తెలిసింది. బడి ఫీజు, పుస్తకాలు, నల్లగొండలో హాస్టలు, అన్నీ వాళ్ళవే. ఊళ్ళో నాలుగో తరగతితో ఆగిపోయిన నాకు కాలు నిలవలేదు. అది రాకపోతే ఎండాకాలంలో నాకు పెళ్ళే. కానీ బాపు చనిపోయాడని మా ఊరి పటేలు రాసివ్వాలి. దొరల మీద తిరగబడిన సంఘం వాళ్ళకు భయపడి పట్నం పారిపోయి అప్పుడే తిరిగొచ్చాడు కాబట్టి, కొత్త సర్కారు తప్పు పట్టకుండా ఆయనకు ప్రతిదీ పద్ధతిగా జరగాలి.

"దినాలు చెయ్యని మనిషిని సచ్చిండని నేనెట్ల రాయాలె?" అన్నాడు.

అమ్మ చేతి గాజులు చూసుకుంటూ ఏడ్చింది. మూడో రోజు పొద్దున అవ్వ, "కానియ్యుండ్రి" అంది.

శవం లేదు కనుక గడ్డితో మనిషిని కట్టి, బాపు పాత అంగీ తొడిగారు. పాడె మీద అది కదిలినట్టనిపించి అమ్మ కొంగులో మొహం దాచుకున్నాను. దహనమైన మూడో నాడు ఇంటి వెనక చెలకలో విస్తరి వేసి, పిట్టకు, అంటే కాకికి, అన్నం పెట్టి, అందరం దూరం జరిగాం. పిట్ట ముట్టకపోతే పోయినవాళ్ళ కోరికేదో మిగిలిందని మా వైపు నమ్మకం. ఇక్కడ మనిషి పోయాడో లేదో కూడా తెలియదు.

ఒక్క కాకి రాలేదు. గాలి ఆగిపోయింది. మా నీడలు కాళ్ళ కిందికొచ్చాయి. "పాణంతోనే ఉన్నట్టున్నడు" అన్నాడు పటేలు. అమ్మ మొహం వెలిగింది. నాకూ సంతోషమేసింది, కానీ వెంటనే బడి గుర్తొచ్చింది. బాపు బతికి ఉండకపోతే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను. ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

అవ్వ నా మొహం వైపే చూస్తోంది. కొంగు చాటునుంచి చెంబు తీసి విస్తరి పక్కన పెట్టింది.

"కొడుకా, నీ బిడ్డను సదివిపిస్త" అని ఉంగరంతో మూడుసార్లు కొట్టింది.

ఎక్కడినుంచో ఒక కాకి దిగింది. ముందు చెంబులో నీళ్ళు తాగి, ఆ తర్వాత అన్నం ముట్టింది. జనం దండాలు పెట్టారు, పటేలు కాగితం రాసిచ్చాడు. పదో రోజు అమ్మ గాజులు పగలగొట్టారు. రోజూ మా అరుగు మీద నీళ్ళు తాగింది ఆ కాకేనని నాకొక్కదానికే అర్థమైంది. అవ్వ దాన్ని ఆ చప్పుడుకు అలవాటు చేసింది.

హాస్టలు నుంచి మొదటిసారి సెలవులకు వచ్చినప్పుడు, మధ్యాహ్నం నలుగురికీ కనపడని పెరట్లో మళ్ళీ అవే మూడు దెబ్బలు వినిపించాయి.

"అవ్వా, బాపు సచ్చిండు గద?"

"సర్కారుకు సచ్చిండు బిడ్డా. నాకు గాదు."

కాకి కోసం చూశాను. అది పోయిన నెలే చచ్చిపోయిందని చెప్పింది అవ్వ. కాసేపటికి పోయి చూస్తే చెంబు సగమే ఉంది.

చదువుకున్నాను, పంతులమ్మనయ్యాను, రిటైరయ్యాను. కాగితాల మీద బాపు పేరు ముందు 'కీర్తిశేషులు' అని రాసిన ప్రతిసారీ నా చేయి ఆగింది. బతికే ఉన్నాడని నమ్మిన కొడుకును, నా చదువు కోసం, ఆ తల్లి నలుగురి ముందు చంపుకుంది. ఇప్పుడా చెంబు నా దగ్గరుంది. రోజూ మధ్యాహ్నం బాల్కనీలో నీళ్ళు పెట్టి, మూడుసార్లు కొట్టి, తలుపు వేసుకుంటాను. ఎవరు తాగిపోతారో చూడను.