వంటింటి కిటికీ, కొత్తిమీర పువ్వు

ఇంట్లో ఆమె బట్టలు కుట్టే కోడలు. వీధిలో కెమెరా పిన్ని. నిజానికి కెమెరా లేదు. ఉన్నది పాత ఫోను. దాని కంటికి రబ్బరుబ్యాండుతో కట్టిన చిన్న భూతద్దం, వాచీలు బాగుచేసే భర్త పాతబడిందని పక్కన పడేసినది.

కుండీలో కొత్తిమీర ముదిరి పూతకొచ్చింది. గోరంత కూడా లేని తెల్లపువ్వు. ఆమెకు అదే కావాలి. వంటింటి తూర్పు కిటికీకి పల్చటి లైనింగుగుడ్డ కట్టి ఎండను మెత్తబరుస్తుంది. రెండోవైపు కాలరులో వేసే గట్టి తెల్లగుడ్డ నిలబెడుతుంది. దాని మీంచి తిరిగొచ్చే వెలుతురుకి నీడలో ఉన్న రేకలు తేరుకుంటాయి. అంత దగ్గర నుంచి తీస్తే, ఊపిరి తగిలినా పువ్వు కదిలి బొమ్మ చెదిరిపోతుంది. అందుకని ఆ కాసేపూ ఇల్లంతా ఫ్యాన్లు బంద్.

"పువ్వుకు గాలి తగలకూడదు, నేను మాత్రం ఉడికిపోవాలి," అంది అత్తగారు, అట్టముక్కతో విసురుకుంటూ.

"కాస్త ఓర్చుకోండి అత్తయ్యా. మీకూ ఒక ఫొటో తీస్తా."

"నా ముడతలు అంత దగ్గర్నుంచా? వద్దు తల్లీ!"

అప్పుడే బావగారు వడ్రంగిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇంటికి పెద్దకొడుకు. అతని మాటకు ఇంతవరకూ ఎవరూ ఎదురు చెప్పలేదు. కిటికీని మూసేసి, నేల నుంచి కప్పుదాకా బీరువా కట్టించాలని అతని నిర్ణయం. వడ్రంగి టేపు సాచాడు. అతని నీడ పువ్వు మీద పడింది.

"కాస్త పక్కకు జరుగు బాబూ," అంది ఆమె, తల తిప్పకుండా.

"కొలతలు తీసుకుంటున్నాడమ్మా, కనబడటం లేదా?" అన్నాడు బావగారు.

ఆమె ఫోను దింపింది.

"ఇక్కడ బీరువా రాదు బావగారూ."

"అన్నయ్యా, పోనీ హాల్లో..." గుమ్మం దగ్గర నిలబడ్డ భర్త నసిగాడు.

"నువ్వుండరా. ఇంట్లో ఇంకో రెండు కిటికీలున్నాయి కదమ్మా?"

"ఒకటి పక్కింటి గోడకి, ఒకటి మెట్లకి. ఎండ వచ్చేది దీంట్లోంచే."

"గడ్డిపువ్వు కోసం సామాను వీధిలో పెట్టుకోమంటావా?"

"సామాను చీకట్లో కూడా ఉంటుంది."

ఆమె హాల్లోకి వెళ్ళి కుట్టుమిషనును లాగింది. ఇనుపకాళ్ళు నేలను గీసుకుంటూ వచ్చాయి. ఎవరూ చెయ్యి వెయ్యలేదు. అత్తగారు మాత్రం తన కుర్చీ పక్కకు జరుపుకుంది. మిషను కిటికీ కిందికి చేరింది. ఆమె స్టూలు లాక్కుని దాని ముందు కూర్చుంది. వడ్రంగి ఇద్దరి మొహాలూ చూసి టేపు చుట్టేశాడు.

"ఎన్నాళ్ళు కూర్చుంటావో నేనూ చూస్తా," అన్నాడు బావగారు.

"చూడండి. కూర్చుని చేసే పనే కదా నాది."

ఈ మాటల్లో ఎండ కిటికీ దాటిపోయింది. పువ్వు మసకబారింది. ఫొటో పడలేదు. అది గమనించి బావగారు నవ్వాడు.

"పోయిందిగా నీ వెలుతురు?"

"పోయింది. రేపొస్తుంది."

ఆమె సూదిలో దారం ఎక్కించి, మిషను తొక్కడం మొదలుపెట్టింది.