డ్యూటీ ఎవరూ వేయని ఆదివారం

సుసన్నా టీచరుకు కోపం వస్తే అరవదు, నల్లబల్ల తుడుస్తుంది. ఆ ఎండాకాలం గోదావరిఖని చర్చి వెనక గదిలో ఉన్న బల్ల అరిగిపోయేటన్నిసార్లు తుడిచింది.

కోపం ఊరికే రాలేదు. గని కార్మికుల క్వార్టర్లలో చాలామంది ఫోన్లలో షిఫ్టుల క్యాలెండరు అని ఒక ఉచిత యాప్ ఉంది. ఈ వారం మొదటి షిఫ్టా, రాత్రి షిఫ్టా, సెలవెప్పుడు, అన్నీ చూపిస్తుంది. దాని కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. ఎవరైనా చూడొచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపొచ్చు. కేరళలో ఒకాయన దాన్ని ఏళ్లుగా ఒంటిచేత్తో నడుపుకొస్తున్నాడు. ఇక నా వల్ల కాదు, కొత్తవాళ్లు వచ్చి చెయ్యి వేయకపోతే వానాకాలం దాటాక ఆపేస్తానని ఆయన ఆ మధ్య రాశాడు. సుసన్నా అంతకుముందే ఒక చిన్న తప్పు దిద్ది పంపితే ఆయన మెచ్చుకుని తీసుకున్నాడు. స్కూల్లో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పీ చెప్పీ విసిగిన మనిషికి ఆ రోజు నేల మీద కాలు నిలవలేదు. అలాంటి యాప్‌ని చూస్తూ చూస్తూ చావనిస్తుందా?

పాస్టరు గారిని బతిమాలి గది సంపాదించింది. కంప్యూటర్ చదువు చదివి ఇంట్లో కూర్చున్నవాళ్లను ఆదివారం మధ్యాహ్నాలు రమ్మంది. పదిమందికి పైగా వచ్చారు. దిద్దాల్సిన తప్పులన్నీ చూపించి, "ఏది నచ్చితే అది తీసుకోండి" అంది. అందరూ బుద్ధిగా తలూపారు. నెల గడిచినా ఒక్కరూ ఒక్కటీ పంపలేదు. టైముకు రావడం, కూర్చోవడం, పోవడం. బడిలో పిల్లలైనా ఇంతకంటే అల్లరి చేస్తారు.

అందరిలోకీ పనితనం ఉన్నది యమున. డిగ్రీలో కంప్యూటర్లు చదివి, గనిలో పనిచేసే జగదీశ్వర్‌ను పెళ్లాడి, చదువును అటక మీద పెట్టేసిన మనిషి. తప్పు ఎక్కడుందో చూపు పడగానే చెప్పేస్తుంది, దిద్దడానికి మాత్రం చెయ్యి కదపదు.

"ఎందుకు పంపలేదు యమునా?" అని అడిగింది సుసన్నా.

"మీరు చెయ్యమని చెప్పలె గద టీచర్" అంది యమున, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

ఆ మాట ఇంటికి తెచ్చి చెబితే తండ్రి సామ్యేల్ పడీ పడీ నవ్వాడు. ఆయన గనిలో కార్మికులకు పని పంచే షిఫ్టు సర్దారుగా చేసి రిటైరైన మనిషి. "మస్టర్ల హాజరు పడ్డంక సర్దారు డ్యూటీ వెయ్యాలె, అప్పుడే మనిషి కదులుతడు. బొగ్గుబాయిల దిగి ఎవనికి తోచిన పని వాడు ముట్టుకుంటే పానాలు పోతయి బిడ్డా. మనోళ్లు ఉగ్గుపాలతోని నేర్సుకున్నది గదే."

ఆ మరుసటి ఆదివారం సుసన్నా బల్ల ముందు నిలబడి అచ్చం తండ్రిలాగే పేరు పేరునా డ్యూటీ వేసింది. "కొమురెల్లీ, సెలవుల పేజీ నీది. యమునా, తెలుగు తేదీలు నీవి." ఇక చూడాలి. ఒకరి వెంట ఒకరు పంపారు. కొమురెల్లి పని మాత్రం సవరించమని కేరళ నుంచి వెనక్కి వచ్చింది. "నాకు చార్జిషీటు ఇచ్చిన్రు టీచర్" అని అతను మూతి ముడుచుకున్నాడు. "వాపసు పంపుడంటే ఆయన నీ పనిని మనసు పెట్టి చదివిండని. సర్ది మళ్ల పంపు" అంది సుసన్నా. పంపాడు, ఈసారి ఆయన తీసుకున్నాడు. ఆ సాయంత్రం కొమురెల్లి గదిలో అందరికీ మిర్చీ బజ్జీలు తెప్పించాడు.

సుసన్నా సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. కేరళ ఆయన మర్యాదగానే రాశాడు, కానీ గుచ్చుకునేలా రాశాడు. పని బాగుంది, అయితే అంతా మీరు చెబితేనే జరుగుతోంది. మీరు తప్పుకుంటే మళ్లీ నేనొక్కణ్నే. తమంతట తాము పని వెతుక్కునేవాళ్లు లేకపోతే నేను ఆపక తప్పదు.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. సుసన్నాకు అదే బాధ.

వచ్చే ఆదివారం తను రానని అందరికీ కబురు పెట్టింది. తాళంచెవి పాస్టరు గారి దగ్గర ఉంటుందని చెప్పింది, ఎవరు ఏం చేయాలో చెప్పలేదు. ఆ మధ్యాహ్నం ఇంట్లో చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంది. ఈనెలు తీసి గిన్నెలో, కాయలు చెత్తలో వేస్తోంది.

"ఒక్కసారి ఫోన్ చేస్త బాపూ. యమునకన్న చెప్త."

"చేస్తే మళ్ల నువ్వే సర్దారువు" అన్నాడు సామ్యేల్. "ఓపిక పట్టు."

పొద్దు వాలుతుండగా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. యమున ఒక దిద్దుబాటు పంపింది. అది సుసన్నా చూపించిన తప్పుల్లో లేదు, కేరళ ఆయనకూ తెలియదు. నెల చివర రాత్రి షిఫ్టు పడితే మరునాటి సెలవు క్యాలెండరులో కనిపించకుండా పోతోంది. ఇన్నేళ్లూ జగదీశ్వర్ దాన్ని తిట్టుకుంటూ వాడుతున్నాడు. యమున దాన్ని వెతికి పట్టుకుని, దిద్ది, ఎందుకలా జరుగుతోందో వివరంగా రాసి పంపింది. దాని వెనకే కొమురెల్లిది, ఇంకో ఇద్దరివి.

కాసేపటికి యమునే ఫోన్ చేసింది. "టీచర్, మిమ్ములను అడగకుంటనే పంపిన. ఏమనుకోకుండ్రి."

"ఏమనుకుంట తల్లీ. దీని కోసమే గద కూసున్న" అంది సుసన్నా, కళ్లు తుడుచుకుంటూ.

రెండు రోజులకు కేరళ ఆయన జవాబు వచ్చింది. యమున దిద్దినది తీసుకున్నాడు, యాప్ ఆపనన్నాడు, ఇకపై కొత్తవాళ్లు పంపే పనిని చూసి ఒప్పుకునే అధికారం యమునకు కూడా ఇస్తున్నానన్నాడు. సామ్యేల్ ఆ కబురును వాడంతా తిరిగి చెప్పొచ్చాడు.

తర్వాతి ఆదివారం సుసన్నా కావాలనే కొంచెం ఆలస్యంగా వెళ్లింది. తలుపు తీసే ఉంది. యమున ఎవరో కొత్తమ్మాయి పక్కన కూర్చుని ఏదో చూపిస్తోంది. కొమురెల్లి ఇంకొకరితో వాదిస్తున్నాడు. ఎవరి పని వాళ్లది. తను లోపలికి అడుగుపెడితే తలెత్తి చూసినవాడు లేడు, లేచి నిలబడినవాడు లేడు. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న టీచరుకు అంత గౌరవం ఇంతకుముందెప్పుడూ దొరకలేదు. చప్పుడు కాకుండా వెళ్లి వెనక బెంచీ మీద చోటు చూసుకుని కూర్చుంది.