పులివెందులకు పసుపు రంగు

డైరీలో నాకు మాటలు బాగా వస్తాయి. పొద్దున ఆఫీసులో అనలేకపోయిన జవాబులన్నీ సాయంత్రం అందులో, ఎదుటివాళ్లు నోరు మూసుకునేంత పదునుగా రాసుకుంటాను. అందుకే ప్రొద్దుటూరులో ఒక పాల సంఘంలో కంప్యూటరు ఉద్యోగం దొరికినప్పుడు సంతోషించాను. లెక్కలకు బొమ్మలు గీసి చూపిస్తే చాలు, నోరు తెరవక్కర్లేదు.

పశువుల డాక్టరును ఊళ్లకు తీసుకుపోయే వ్యాను మా సంఘానికి ఒక్కటే ఉంది. అది వారంలో ఒకరోజు జమ్మలమడుగు పక్కకు, ఒకరోజు పులివెందుల పక్కకు పోయేది. మిగతా రోజులు ప్రొద్దుటూరు చుట్టూ తిరిగేది. ముసలిదైపోయి, వారానికి రెండు దూరప్రయాణాలు దానివల్ల కాదని తేలింది. ఒక పక్క మానెయ్యాలి. డాక్టరు కోసం ఎటునుంచి ఎక్కువ ఫోన్లు వచ్చాయో చూసి, సభ్యుల మీటింగులో నిర్ణయిద్దామన్నారు. ఆ లెక్కను బొమ్మగా చూపించే పని నాది.

మొదట డోనట్ చార్టు గీశాను. మేనేజరు సార్ కళ్లజోడు సర్దుకుని చూశాడు.

"మధ్యలో ఆ బొక్క ఏంది పాపా, వడ మాదిరి? ఆడుండే లెక్క ఎవురో తినేసినారంటారు మనోళ్లు."

బొక్క పూడ్చేశాను. 'పై చార్టు' అనే నిండు చక్రం అయింది. మరీ సాదాగా కనిపించింది. నాలుగు పుస్తకాలు చదివినదాన్ని కదా, అందచందాల పట్టింపు ఎక్కువ. చక్రాన్ని పళ్లెంలా వెనక్కి వాల్చాను. కింద మందపాటి అంచు పెట్టి, నీడ కూడా వేశాను. ముందువైపున్న పులివెందుల ముక్కకు, శుభంగా ఉంటుందని, నిండు పసుపు. వెనకున్న జమ్మలమడుగుకు నీలం. మిగిలిన ప్రొద్దుటూరుకు ఏదో గోధుమ రంగు. 'నాలో ఒక చిత్రకారిణి ఉంది' అని ఆ రోజు డైరీలో రాసుకున్నాను.

మా జిల్లాలో రంగులకు పార్టీలున్నాయి. ఏ ఊళ్లో ఏ రంగు చెల్లుతుందో బడికి పోని పిల్లలకు కూడా తెలుసు. చిత్రకారిణికి మాత్రం తెర మీద బొమ్మ పడేదాకా తట్టలేదు.

"పులివెందులకు పసుపేందప్పా!" పులివెందుల పక్క వేముల నుంచి వచ్చిన ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు. "ఎవురు చేపిచ్చినారు ఇది?"

"పసుపోళ్లు మీ కాడ ఎప్పుడు గెలిచిరి మామా? మాకు చెప్పనేలేదే!" అన్నాడు చాపాడు నుంచి వచ్చిన ఒకాయన.

సంఘం ప్రెసిడెంటు బల్ల చరిచాడు. "ఇది ఎలక్షను కాదప్పా, ఎనుముల లెక్క! ఎనుములకు పార్టీ యాడుంది?"

హాలంతా నవ్వింది. ల్యాప్‌టాప్ వెనక నేను కుంచించుకుపోయాను. అప్పుడు నన్నే చార్టులో పెట్టి ఉంటే, పేరు రాయడానికి కూడా చోటు చాలని ముక్కను.

నవ్వులు తగ్గాక ప్రెసిడెంటు తెర చూసి తేల్చేశాడు. "రంగు ఏదైతే ఏంది, పులివెందుల ముక్క శానా పెద్దది. బండి ఆ పక్కకే పోనీ."

నా పక్కన, జమ్మలమడుగు వైపు పెద్దముడియం నుంచి వచ్చిన ఒకామె కూర్చుని ఉంది. నా చెవి దగ్గరకు వంగింది.

"మా పక్క అంత సన్నంగుందేంది పాపా? మాటిమాటికీ ఫోన్లు చేస్తాంటిమే. నా ఎనుము నేడో రేపో ఈనేటట్లుంది. పోయినసారి దూడ అడ్డం తిరిగితే ఆ బండే దిక్కయింది."

అసలు లెక్కలో రెండు పక్కలూ దాదాపు సమానం. పళ్లెం వాల్చడంతో ముందున్న ముక్క అంచుతో కలిసి ఉబ్బింది, వెనకది తొక్కలా పలచబడింది. ఈసారి ఆమె దూడకు అడ్డం తిరిగింది నా కళాపోషణ.

"లేసి చెప్పు పాపా" అని మోచేత్తో పొడిచింది. లేచాను. "సార్" అన్నాను. నాకంటే ఫ్యాను గట్టిగా మాట్లాడింది. మళ్లీ కూర్చుని, చేతనైన పని చేశాను. అందరూ చూస్తుండగానే పళ్లెం వాలు తీసేశాను. తెర మీద పసుపు కుంచించుకుంది, నీలం ఒళ్లు చేసింది. "ఓర్నీ!" అన్నారెవరో. రంగులు తుడిచి బూడిద రంగు పూశాను. అది ఏ పార్టీదీ కాదు.

"ఇప్పుడు ఏది పెద్దదో తెలీడంల్యా" అన్నాడు ప్రెసిడెంటు. నిజమే. గుండ్రటి బొమ్మలో ఇంచుమించు సమానమైన ముక్కల తేడా కంటికి ఆనదు. చక్రం తీసేసి రెండు కడ్డీలు పక్కపక్కన నిలబెట్టాను. జమ్మలమడుగు కడ్డీ రవ్వంత ఎత్తుగా ఉంది.

"ఆ రవ్వంతకు మా బండి ఆపుతారా?" వేముల పెద్దాయన మళ్లీ లేచాడు.

"ఎవురిదీ ఆపొద్దు" అంది పెద్దముడియం ఆమె, ఫ్యాను కంటే గట్టిగా. "వారం మార్చి వారం పంపండి. ముందు మాకు."

"ముందు మీకెందుకమ్మా?"

"నీ ఎనుము గూడా ఈనేటట్లుందా మామా?"

"ల్యా."

"అయితే కూచో."

ఆయన కూర్చున్నాడు. ప్రెసిడెంటు సరేనన్నాడు. ఆ సాయంత్రం డైరీలో, మీటింగులో నేను చేయని ఉపన్యాసమంతా రాసుకున్నాను. చప్పట్లతో సహా.

గోడకు అంటించడానికి ఒక బొమ్మ కావాలన్నాడు మేనేజరు సార్. ఈసారి డోనట్ గీశాను. రెండే ముక్కలు, రెండు వారాలు, రెండు పక్కలు. మధ్య బొక్కలో పెద్ద అక్షరాలతో 'బండి ఒక్కటే' అని రాశాను.

"బొక్క పనికొచ్చిందే" అన్నాడాయన.

తర్వాత కొన్నాళ్లకు పెద్దముడియం ఆమె ఫోను చేసింది. మొదటి వారం వ్యాను పోయినప్పుడే ఆమె ఎనుము ఈనిందట. తల్లీ దూడా బాగున్నాయట.

"పెయ్య పుట్టింది పాపా. నల్లగా నిగనిగలాడతాంది. ఏ పార్టీదీ కాదు, భయపడాకు."