హజరా బీ పెంచిన ఆడ చేపలు

ఆదోనిలో మా వీధి బిడ్డలందరికీ నీళ్లు పోసింది హజరా బీయే. కాళ్లు చాపుకొని, బిడ్డను వాటి మీద పడుకోబెట్టి, గోరువెచ్చని నీళ్లు పోసి రుద్దిందంటే ఎంత మొండిఘటమైనా నిద్రపోవాల్సిందే. ఆ తర్వాత నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, బిడ్డకు దుప్పటి కప్పి పొగ వేసేది. జలుబుకైనా, దగ్గుకైనా, దిష్టికైనా ఆమెకు అదొక్కటే మందు. డాక్టర్ల మాటెత్తితే మూతి తిప్పేది.

ఆమెకు ఒక్కతే కూతురు, వహీదా. చిన్నప్పటి నుంచి ఉబ్బసం. పదహారేళ్ల పిల్ల వీధి చివరి దాకా నడవలేకపోయేది. పత్తి లారీ తోలే మేనమామ ఉస్మాన్ సాబ్ ఎనభై మూడులో బొంబాయి నుంచి ఆమెకోసం నాలుగు ఫైటర్ చేపలు తెచ్చాడు. అన్నీ ఆడవే. మగవాటికుండే పెద్ద తోకలు, నిగనిగలు వీటికి లేవు. అద్దాల అంగడిలో గాజు తొట్టి చేయించి కిటికీ పక్కన పెట్టారు.

"మగవైతే ఒకదాన్నొకటి కొరుక్కొని సస్తాయంట చిన్నమ్మా. ఆడవైతే ఒకే తొట్లో సర్దుకుంటాయంట," అని వహీదా నాతో చెప్పింది.

"ఆ సంగతి తెలుసుకునేకి బొంబాయి దాకా పోవాల్నా?" అంది హజరా బీ. ముగ్గురమూ నవ్వాం.

నిజానికి అవీ ఊరకే సర్దుకోలేదు. అందులో ఒక గయ్యాళి తక్కినవాటి తోకలు కొరికేది. వహీదా తొట్టిలో కుండపెంకులు పెట్టి అవి దాక్కునే చోటు చేసింది. నిలవ నీళ్లలోని దోమపిల్లల్ని గుడ్డతో వడగట్టి మేత వేసేది. అవి మాటిమాటికీ పైకొచ్చి నోరు తెరిచి గాలి మింగుతుంటే, "నీళ్లల్లో ఉండి గూడ వీటికి పైగాలి కావాల. అచ్చం నా లెక్కనే," అనేది.

ఆ చలికాలం ఉబ్బసం ముదిరింది. నేను ఉరుకుంద ఈరన్నకు మొక్కుకున్నాను. హజరా బీ రోజూ దుప్పటి కప్పి పొగ వేసింది. పిల్ల దగ్గుతూ దుప్పటి తోసేస్తుంటే, "కఫం తెగుతాంది, ఓర్సుకో తల్లీ," అని గట్టిగా పట్టుకునేది. వీధిలో ఎవరికీ అది తప్పనిపించలేదు. ఒక మధ్యాహ్నం, ఆస్పత్రికి తీసుకుపోయేలోపే వహీదా పోయింది.

హజరా బీ ఏడవలేదు. పనికీ పోలేదు. దోమపిల్లల కోసం వీధిలోని నీళ్ల తొట్లన్నీ వెదికేది. "నా బిడ్డ సేత్తో మేపినవి. వీట్నన్నా కాపాడుకోవాల," అనేది.

మరుసటి చలికాలం చేపలు మందగించాయి. మేత ముట్టకుండా అడుగున పడి ఉండేవి. వాటికి నీళ్లు వెచ్చగా ఉండాలని చెప్పేవాళ్లెవరున్నారు? హజరా బీ తనకు తెలిసిందే చేసింది. తొట్టికి దుప్పటి కప్పి, లోపలికి సాంబ్రాణి పొగ పట్టింది.

నేను వెళ్లేసరికి ఆమె దుప్పటి ఎత్తి చూస్తోంది. చేపలు నాలుగూ నీళ్ల పైన నోళ్లు తెరుస్తున్నాయి. గాలికోసం పైకొచ్చిన ప్రతిసారీ వాటికి అందింది పొగే. కిటికీ తెరిచాం, విసనకర్రతో విసిరాం. ఒక్కొక్కటే పక్కకు ఒరిగిపోయింది.

హజరా బీ నా చెయ్యి పట్టుకుంది. "గాలి కోసరం నోరు తెరిస్తే పొగ పెట్టినా. నా బిడ్డకూ ఇట్లనే పెట్టినా గదా, హనుమంతమ్మా?"

కాదనాలనుకున్నాను. ఏడాదిగా రాని ఏడుపు ఆమెకు అప్పుడొచ్చింది.

ఆ ఎండాకాలం మా కోడలు ప్రసవించింది. బతిమాలి హజరా బీని పిలుచుకొచ్చాను. బిడ్డకు నీళ్లు ఎప్పటిలాగే పోసింది. మా అత్త నిప్పుల కుంపటి తెచ్చి ముందు పెట్టగానే, చెంబులోని నీళ్లు అందులో గుమ్మరించింది.

"పసిబిడ్డ ఇంట్లో నిప్పు ఆర్పుతావా!" అని అత్త మండిపడింది. ఆ తర్వాత మా వీధిలో ఎవరూ ఆమెను పిలవలేదు.

ఆ పూట మాత్రం హజరా బీ ఏమీ విననట్టే బిడ్డను ఎత్తుకొని వాకిట్లో గాలికి నిలబడింది. బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి ఆడుతోందో లేదో చూసుకుంటూనే ఉంది.